అరవై నాలుగు మినహాయించి

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే విభాగం ఆ గ్రంథాలయం మూడో అంతస్తులో ఉంది. రెండే గదులు. ఒకదాని గోడలకూ తలుపుకూ మందపాటి స్పాంజి అంటించి ఉంటుంది. చదివేవాళ్ళు అందులో కూర్చుంటారు. అద్దానికి ఇవతలి గదిలో కంప్యూటరమ్మ కూర్చుని, మైకులో వాళ్ళతో మాట్లాడుతుంది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ, పదహారేళ్ళుగా ఈ భవనంలో దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు.

ఆమె పని కత్తిరించడం. చదివేవాళ్ళు తడబడతారు, దగ్గుతారు, మంచినీళ్ళు అడుగుతారు, మధ్యలో ఆగి కబుర్లు చెబుతారు. అవన్నీ తీసేసి, చదువు మాత్రం మిగిల్చి పెద్ద ఫైలుగా దాస్తుంది. దాని నుంచి చిన్న ఫైలు తయారు చేస్తుంది. వినేవాళ్ళకు వెళ్ళేది ఆ చిన్నదే. కత్తిరించిన ముక్కలు వాటంతటవే తారీఖు పేరుతో 'వేస్టు' అనే ఫోల్డర్‌లో పడేవి. దాన్ని ఎవరూ తెరిచేవాళ్ళు కాదు, ఖాళీ చేసేవాళ్ళూ కాదు.

ఒక సోమవారం లైబ్రేరియన్ మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆయన మూడో అంతస్తుకు వచ్చాడంటే ఏదో పీకల మీదకు వచ్చినట్టే లెక్క.

"డిస్కు నిండిపోయిందట కదమ్మా. కొత్తది వచ్చే ఏడు గానీ రాదు. ఆ పెద్ద ఫైళ్ళు తీసెయ్యండి. వినేవాళ్ళకి చిన్నవి ఉన్నాయి కదా."

"అన్నీనా సార్?"

"అన్నీ. ఆ వేస్టు కూడా. గురువారానికి ఖాళీ అయితే శుక్రవారం నుంచి కొత్త పుస్తకాలు మొదలెట్టుకోవచ్చు."

ఆమె సరేనంది. మర్నాడు పొద్దున ఆ పని మొదలుపెట్టబోతుండగా టీచరుగారు వచ్చారు.

టీచరుగారు ఆ విభాగంలో అందరికంటే పాత గొంతు. బడిలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో, రిటైరయ్యాక వారానికి మూడు రోజులు వచ్చి, పదహారేళ్ళలో అరవై నాలుగు పుస్తకాలు చదివారు. ఒక్క అక్షరం జారినా మళ్ళీ పేరా మొదటి నుంచి చదివే మనిషి. ఆరు నెలలుగా గొంతు బొంగురుపోయి రావడం మానేశారు. ఆ రోజు భర్తను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన గడియారాలు బాగు చేసేవాడు. మాట బహు పొదుపు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు, అంతే.

"గొంతులో పుండట అమ్మాయ్," అన్నారు టీచరుగారు. మాట గాలితో కలిసి వస్తోంది. "మూడు వారాల్లో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారట. ఆ తర్వాత నోరాడుతుంది కానీ శబ్దం రాదు."

కంప్యూటరమ్మ మౌసు వదిలేసి ఆవిడ వైపు కుర్చీ తిప్పుకుంది.

"ఏడుపు మొహం పెట్టకు. పనిమీద వచ్చాను. ఆసుపత్రిలో మాటల డాక్టరమ్మ ఒకావిడ ఉంది. నా పాత రికార్డింగులు బాగా ఉన్నవి ఇస్తే, నేను టైపు చేసిన మాటల్ని నా గొంతుతోనే పలికే మిషను తయారు చేయిస్తానంది. ఇప్పటి గొంతు పనికిరాదట. నా చదువులున్నాయి కదా ఇక్కడ?"

"ఉన్నాయి టీచర్ గారూ. మీరు ఒక్కరోజు ఆలస్యంగా వచ్చుంటే ఈ డిస్కులోంచి పోయేవి," అంది కంప్యూటరమ్మ. లైబ్రేరియన్ చెప్పింది వివరించి, "మీవి పక్కన పెట్టి మిగతావి తీసేస్తాను. నాదీ పూచీ," అని మాటిచ్చింది.

మొత్తం నాలుగు వందల పన్నెండు పుస్తకాలు. ఫైళ్ళకు పుస్తకం నంబరే పేరు. చదివినవాళ్ళ పేరు వాటి మీద ఉండదు. అది రిజిస్టరులో ఉంటుంది. లైబ్రేరియన్ తన గదిలోని కంప్యూటర్లో రిజిస్టరు చూసి, టీచరుగారి అరవై నాలుగు నంబర్లూ ఒకదాని కింద ఒకటి టైపు చేయించి పంపాడు. ఆ జాబితాలో ఉన్నవి వదిలేసి మిగతా పెద్ద ఫైళ్ళనీ, వేస్టునీ చెరిపెయ్యమని ఒకే ఒక్క వరుస కమాండ్ రాస్తే చాలు. మౌసుతో ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటే రెండు రోజుల పని. కమాండ్ అయితే రెండు నిమిషాలు. కానీ అది మళ్ళీ అడగదు. చెరిపెయ్యమంటే చెరిపేస్తుంది.

అందుకని కంప్యూటరమ్మకు ఒక అలవాటు ఉంది. 'చెరుపు' అనే మాట ఉండాల్సిన చోట ముందు 'చూపించు' అని రాస్తుంది. ఏవి పోబోతున్నాయో చూసి, లెక్క సరిపోయాకే మాట మారుస్తుంది. నాలుగు వందల పన్నెండులో అరవై నాలుగు తీసేస్తే మూడు వందల నలభై ఎనిమిది రావాలి. తెర మీద నాలుగు వందల పన్నెండూ వచ్చాయి. అంటే ఒక్కటీ మినహాయింపు కాలేదు.

కమాండ్ మళ్ళీ ఒకసారి చదివింది. తప్పేమీ కనబడలేదు. జాబితా తెరిచి చూసింది, నంబర్లు బాగానే ఉన్నాయి. అరగంట తర్వాత తట్టింది. కింద లైబ్రేరియన్ గదిలోని కంప్యూటర్ ప్రతి వరుస చివరా కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది. ఆ గుర్తుతో కలిపి చూస్తే ఏ నంబరూ ఏ ఫైలుతోనూ కలవదు. ఆ గుర్తులు తీసేసి మళ్ళీ చూపించమంది. ఈసారి రెండు వందల ముప్ఫై ఒకటి వచ్చాయి. ఇప్పుడు ఎక్కువ మినహాయించింది. జాబితాలో పదిహేడు ఉంటే, నూట పదిహేడునూ నూట డెబ్బైనీ కూడా, వాటిలోనూ ఒకటీ ఏడూ పక్కపక్కనే ఉన్నాయని, అదే అనుకుని పక్కన పెట్టింది. నంబరు అచ్చంగా అదే అయితేనే వదలమని దిద్దింది. మూడు వందల నలభై ఎనిమిది.

"హమ్మయ్య," అని పైకే అంది.

తెర మీద ఆ నంబర్ల కింద వేస్టు ముక్కలు వేలకొద్దీ వరుసలుగా దొర్లుకుంటూ పోయాయి. వాటికి పుస్తకం నంబర్లు లేవు, తారీఖులే. అవి పోయేవే కదా అని కళ్ళప్పగించి చూసింది. 'చూపించు' తీసి 'చెరుపు' అని రాసి మీట నొక్కింది. టీచరుగారి అరవై నాలుగు పుస్తకాలనీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి, ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఇచ్చి వచ్చింది. ఇంటికి వెళ్తూ, చాలా రోజులకి ఒక మంచి పని చేశాననుకుంది.

తొమ్మిది రోజుల తర్వాత టీచరుగారి భర్త ఒక్కడే వచ్చాడు. కూర్చోలేదు. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు.

"ఏవండీ, తలుపు వేసి రండి. వాన వచ్చేలా ఉంది," అంది ఫోన్.

గొంతు టీచరుగారిదే, అనుమానం లేదు. కానీ తలుపు వెయ్యమని చెబుతున్నట్టు లేదు, తలుపు వేసిన సంగతి మూడో అధ్యాయంలో చదువుతున్నట్టుంది. ప్రతి మాటా కడిగి ఆరేసినట్టు, విడివిడిగా, వంక పెట్టడానికి లేకుండా ఉంది.

"ఇది కాదమ్మా," అన్నాడాయన. "ఇది పుస్తకం."

మాటల డాక్టరమ్మ ఇచ్చిన చీటీ తీసి ఇచ్చాడు. మిషను తాను విన్నదే నేర్చుకుంటుందనీ, ఇచ్చినవన్నీ చదువులు కావడంతో చదవడమే నేర్చుకుందనీ, మామూలుగా మాట్లాడిన రికార్డింగులు నాలుగైదు గంటలవి దొరికితే పంపమనీ అందులో ఉంది.

"ఇంట్లో మేమెప్పుడూ రికార్డు చేసుకోలేదు," అన్నాడు. "ఇక్కడ మధ్యమధ్యలో నీతో మాట్లాడేదట కదా. నువ్వు తీసేసేదానివట. అవేమన్నా..."

కంప్యూటరమ్మకు ఆ రోజు తెర మీద దొర్లిపోయినవి గుర్తొచ్చాయి. పదహారేళ్ళ కబుర్లు. వేలకొద్దీ వరుసలు.

"చూస్తాను బాబాయిగారూ," అంది.

ఆయన వెళ్ళాక చూసింది. డిస్కులో శుక్రవారం నుంచి కొత్త పుస్తకాల రికార్డింగులు పడుతున్నాయి, పాతవి ఉన్న చోటనే. చెరిపినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రామ్ నడిపితే అరసెకను దగ్గులూ ఎవరివో తెలియని సగం మాటలూ దొరికాయి. ప్రతి ఆదివారం అన్నిటికీ నకలు తీసే బ్యాకప్ డిస్కు ఉందిగా అనుకుని దాన్ని తెరిచింది. అందులో వేస్టు ఫోల్డరే లేదు. బ్యాకప్ తీసే కమాండ్ చూసింది. 'వేస్టు మినహాయించు' అని ఉంది. రాసింది ఇంకెవరో అయితే నాలుగు తిట్లయినా తిట్టుకునేది. రాసింది తనే. చోటు కలిసొస్తుందని ఎన్నడో రాసి, మళ్ళీ దాని మొహం చూడలేదు.

మర్నాడు పదింటికి టీచరుగారింటికి వెళ్ళింది. గడియారాల దుకాణం మీద రెండు గదుల ఇల్లు. టీచరుగారు కిటికీ దగ్గర కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచీ సర్దుతున్నారు. కంప్యూటరమ్మ గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఏది ఉంచిందో, ఏది చెరిపిందో, బ్యాకప్‌లో కూడా ఎందుకు లేదో. లైబ్రేరియన్ మీదకు నెట్టలేదు.

"నేను చూస్తూనే ఉన్నాను టీచర్ గారూ, అవి పోతుంటే. ఒక్క క్షణం ఆగి ఆలోచించుంటే..."

టీచరుగారు తువ్వాలు మడత పెట్టడం ఆపలేదు. దాన్ని సంచీలో పెడుతూ అన్నారు, "కత్తిరించమన్నది నేనే కదా. ఒక్కసారి నా దగ్గు ఒకటి మిగిలిపోతే నీతో వారం రోజులు మాట్లాడలేదు, గుర్తుందా?"

"మీరు తిట్టండి, నాకు తేలిగ్గా ఉంటుంది."

"తిట్టడానికి గొంతు లేదే." నవ్వబోయారు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మొహం మారిపోయింది. "పోయినవి పోయాయి. ఆ పుస్తకం గొంతుతోనే సర్దుకుంటాను. కానీ కాస్త బాధగానే ఉంది అమ్మాయ్. ఏమీ లేదని చెప్పను."

భర్త పక్క గదిలోంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, కంప్యూటరమ్మకు గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళాడు.

తిరిగి వచ్చి సీట్లో కూర్చున్నా పని సాగలేదు. ఆ మినహాయింపు ఎప్పుడు రాశానా అని చూసింది. కమాండ్ ఉన్న ఫైలు తారీఖు పన్నెండేళ్ళ కిందటిది. తను ఉద్యోగంలో చేరి పదహారేళ్ళు. మరి మొదటి నాలుగేళ్ళూ? అప్పట్లో ఆమెకు ఒక ఫోల్డర్ని వదిలేసి మిగతాది నకలు తియ్యడం ఎలాగో తెలీదు. చేతనైందల్లా మొత్తం నకలు తియ్యడమే. తెలియనితనం కొద్దీ వేస్టుతో సహా అంతా తీసి ఉండాలి.

ఆ పాత డిస్కులు ఎక్కడ?

లైబ్రేరియన్‌ని అడిగితే, "విరిగిన కుర్చీలున్న గదిలో వెతకండి. అక్కడ లేకపోతే లేనట్టే," అన్నాడు. తర్వాత తనే తాళం చెవి తీసుకుని వెంట వచ్చాడు. ఇద్దరూ కుర్చీలు జరుపుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని మధ్యాహ్నమంతా వెతికారు. పాత కేటలాగు కార్డుల కింద అట్టపెట్టెలో మూడు డిస్కులు దొరికాయి. ఒకటి పెట్టగానే టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. మిగతా రెండూ తెరుచుకున్నాయి. రెండింటిలోనూ వేస్టు ఉంది.

నాలుగు రోజులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది. అందరి ముక్కలూ కలిసిపోయి ఉన్నాయి. టీచరుగారివి ఏరుకోవాలి. ఏబై ఏళ్ళ టీచరుగారు, ఖంగుమనే గొంతుతో, రచయిత మీద విరుచుకుపడుతున్నారు: "ఇదేం వాక్యమమ్మా? ఊపిరి పీల్చుకోవడానికి సందే ఇవ్వలేదు మహానుభావుడు!" ఇంకోచోట, "నీ కుర్చీ కిర్రుమంటోంది. కుర్చీ మార్చు, లేదా నువ్వు కదలకు." మరోచోట, పెళ్ళయిన కొత్తలో ఈ ఉద్యోగం మానేస్తానని తను ఏడుస్తుంటే, "మానెయ్. మానేసి ఇంట్లో ఏం చేస్తావో ఈ కాగితం మీద రాయి. రాశాక మానేద్దువుగాని," అనడం. ఆ సంగతి కంప్యూటరమ్మ మర్చేపోయింది. ఇరవై ఆరేళ్ళ తన ముక్కు చీదుడు తనకే వింతగా వినిపించింది. తన గొంతు ఉన్నచోటల్లా కత్తిరించింది.

మొత్తం మీద ఆరు వందల పదకొండు ముక్కలు, నాలుగు గంటల పైచిలుకు. అయితే అందులో పద్నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయింది. ఆ మాటలు తనతో గుట్టుగా అన్నవి. ఊరందరికీ అన్నవి కావు. ఈసారి తనంతట తను తీసెయ్యడానికీ చెయ్యి రాలేదు, ఉంచడానికీ రాలేదు. జాబితా రాసుకుని, ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్ళింది.

టీచరుగారు మంచం మీద కూర్చుని, ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కొక్కటే విన్నారు. బడి హెడ్మాస్టరు మీద అన్న మాటలకు "ఉంచు, చచ్చి స్వర్గాన ఉన్నాడు" అన్నారు. చెల్లెలి కాపురం గురించి అన్నది తీసెయ్యమన్నారు. అలా పదమూడు అయ్యాయి. పద్నాలుగోది మూడు వందల ఎనభై ఎనిమిదో ముక్క.

"మా ఆయన గడియారాలతో మాట్లాడినంత నాతో మాట్లాడరు అమ్మాయ్. వాటి దగ్గరైనా ఏదో గొణుక్కుంటారు. నేనడిగితే 'ఊఁ'. ఇరవై అయిదేళ్ళుగా 'ఊఁ'. ఇక్కడికొచ్చి చదువుతున్నది పుస్తకాల మీద ప్రేమ అనుకుంటున్నావా? నోరు తెరిచి నాలుగు మాటలు అనొచ్చని."

టీచరుగారు మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి విన్నారు.

"మిషనుకి నేర్పాలంటే ఏ ముక్కలో ఏ మాటలున్నాయో కాగితం మీద రాసివ్వాలన్నావు. ఎవరు రాస్తారివన్నీ?"

"బాబాయిగారు తనే రాస్తానన్నారు," అంది కంప్యూటరమ్మ తల దించుకుని. "ఇదొక్కటీ తీసేద్దాం టీచర్ గారూ. మిగతావి చాలు."

వరండాలో భర్త బెంచీ మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. టీచరుగారు ఆయన్ని చాలాసేపు చూశారు.

"ఉంచు," అన్నారు.

"ఆయన వింటారు."

"గొంతు దీంట్లోనే బావుంది. ఉంచమన్నాను కదా."

ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. మాట పోయింది. ఆసుపత్రిలో ఉన్న రెండు వారాలూ భర్త ఆ బెంచీ మీదే కూర్చుని, గడియారాలు చూసే కళ్ళజోడు పెట్టుకుని, ఆరు వందల పైచిలుకు ముక్కలూ విని గుండ్రటి అక్షరాలతో రాశాడు. మాటల డాక్టరమ్మ ఆ కాగితాలను రికార్డుతో సరిచూసుకుంటూ కంప్యూటరమ్మకు ఫోన్ చేసింది.

"మూడొందల ఎనభై ఎనిమిది దగ్గర ఒక అనుమానమండీ. ఆఖర్లో 'నిజమే' అని ఉంది కాగితంలో. రికార్డులో ఆ మాట నాకు వినపడట్లేదు. మీ దగ్గర ఏమైనా తెగిపోయిందా?"

కంప్యూటరమ్మ ఆ ముక్కను మళ్ళీ వింది. ఏమీ తెగలేదు.

"అది ఆవిడ మాట కాదండీ," అంది. "మిషనుకిచ్చేటప్పుడు అదొక్కటీ వదిలెయ్యండి. కాగితంలో మాత్రం కొట్టెయ్యొద్దు."

కొత్త గొంతు తయారై వచ్చింది. నిజానికి అది టీచరుగారి ఇప్పటి గొంతు కాదు, పద్నాలుగేళ్ళ కిందటిది. అరవై ఆరేళ్ళ మనిషి టైపు చేస్తే ఏబై ఏళ్ళ మనిషి మాట్లాడినట్టుండేది. "ఏవండీ, తలుపు వేసి రండి" అన్న మాట ఈసారి కాస్త విసుగ్గా, చివర పైకి లేచి వచ్చింది. భర్త లేచి తలుపు వేసి వచ్చాడట. వచ్చి ఎదురుగా కూర్చుని, దుకాణంలో ఆ రోజు ఎవరెవరు వచ్చిందీ చెప్పాడట. అది టీచరుగారే పలకలా ఉండే ఆ మిషను మీద టైపు చేసి కంప్యూటరమ్మకు వినిపించారు. "పావుగంట చెప్పారు. మధ్యలో నాకు నిద్రొచ్చింది," అంది మిషను.

రెండు నెలలకు టీచరుగారు మళ్ళీ మూడో అంతస్తుకు రావడం మొదలుపెట్టారు. చదవడానికి కాదు, చదివేవాళ్ళను దిద్దడానికి. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, అద్దానికి ఇవతల కంప్యూటరమ్మ పక్కన కూర్చుంటారు. లోపల బ్యాంకు ఉద్యోగం చేసే ఒకావిడ కొత్తగా చదువుతోంది. గబగబా చదివే మనిషి. ఒక చోట ఒత్తు మింగేసింది. టీచరుగారు ఠక్కున చెయ్యెత్తి, తల వంచి, రెండు వేళ్ళతో టైపు చెయ్యసాగారు. చేసి, ఒక అక్షరం తప్పు పడితే దిద్ది, మీట నొక్కేసరికి లోపలావిడ పేజీ తిప్పేసింది.

"ఆ ఒత్తు ఏమైంది? మళ్ళీ మొదటి నుంచి," అంది మిషను.

"ఏ ఒత్తండీ?" అంది లోపలావిడ బిత్తరపోయి.

టీచరుగారు మళ్ళీ పలక మీదికి వంగారు. ఆ మాటలూ అందులో పడేలా కంప్యూటరమ్మ రికార్డింగు ఆపకుండా వేచి చూసింది.